ముందు నోట పలకాలి



మాది నవీపేట్. ముప్పై ఏండ్లకు పైగా పెండ్లి బ్యాండ్‌లో ట్రంపెట్ వాయించాను. ఇప్పుడు బరాత్‌లకు పోవడం తగ్గించి, నేర్చుకుంటామని వచ్చిన పిల్లలకు నేర్పుతున్నాను. ఈ రోజు మీకు ఒక్క మాట చెప్పాలని వచ్చాను. వాద్యం చేతికి తీసుకునే ముందు పాటను నోటితో పాడాలి. ముందు నోట పలకాలి. నోట పలికిందే వాద్యంలో పలుకుతుంది. ఇంతే నా మాట.

ఈ మాట మీకు బాగా పట్టాలని ఇద్దరు మనుషుల కథ చెప్తాను. ఒకాయన అమెరికాలో పుట్టిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. జాజ్ సంగీతంలో ట్రంపెట్ అంటే ముందుగా గుర్తొచ్చే పేరు. ఇంకొకాయన మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు. ఇద్దరి మధ్య ఏడు సముద్రాలున్నాయి. వాయించిన వాద్యం వేరు, పాడిన పాట వేరు. అయినా చిన్నప్పుడు ఇద్దరికీ సంగీతం పట్టుబడిన తీరు ఒక్కటే.

ముందు మా ఊరి సంగతి చెప్పనివ్వండి.

శనివారం వచ్చిందంటే మా నవీపేట్‌లో మేకల సంత. తెల్లవారకముందే బండ్లు దిగుతాయి. మేకల అరుపులు, బేరాల కేకలు, చాయ్ గ్లాసుల చప్పుడు. అట్లాంటి ఒక శనివారం పొద్దున మా వాడకట్టు పిలగాడొకడు నా దగ్గరికి వచ్చాడు. పద్నాలుగేండ్లుంటాయి. చేతిలో పాత ట్రంపెట్. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. వాళ్ల అమ్మ బీడీలు చుట్టి కూడబెట్టిన పైసలు అవి. వాడి మొహం ఏడుపు మొహమైంది.

"కాకా, ఈ బాజా ఖరాబుంది. మీటలు అవే నొక్కుతున్న, ఒక్కోసారి ఒక్కో సప్పుడు వస్తుంది" అన్నాడు.

నేను బాజా తీసుకుని మౌత్‌పీస్ తుడిచి పెదవులకు పెట్టుకున్నాను. ఒక్క మీట కూడా నొక్కలేదు. వేళ్లు గాలిలోనే పెట్టాను. ముందు కింది షడ్జం ఊదాను. తర్వాత పంచమం. తర్వాత పై షడ్జం. దాని మీద గాంధారం. దాని మీద ఇంకో పంచమం. మీట నొక్కకుండానే ఐదు స్వరాలు. పిలగాడు నా వేళ్లనే చూస్తున్నాడు. వేళ్లు కదల్లేదు. స్వరం మాత్రం మెట్లెక్కుతూ పోయింది.

బాజాలో ఏ లోపమూ లేదు. ట్రంపెట్ గుణమే అది.

ఇది కొంచెం నిదానంగా వినండి. హార్మోనియం మీద ఒక మెట్టు నొక్కితే ఒక్క స్వరమే వస్తుంది. నీకు పాట తెలిసినా, తెలియకపోయినా అదే వస్తుంది. ట్రంపెట్ అట్లా కాదు. దానికి ఉన్నవి మూడే మూడు మీటలు. మీట నొక్కితే లోపల గొట్టానికి ఇంకో గొట్టం ముక్క జతవుతుంది. గాలి పోయే దారి పొడవవుతుంది. దారి పొడవైతే స్వరం కిందికి దిగుతుంది. నడిమి మీట అర మెట్టు దించుతుంది. మొదటిది ఒక మెట్టు దించుతుంది. మూడోది మెట్టున్నర దించుతుంది. మూడింటినీ ఎట్ల కలిపి నొక్కినా, ఏదీ నొక్కకపోవడం కూడా లెక్కేసుకున్నా, మొత్తం ఎనిమిది తీర్లే అవుతాయి. మరి అన్ని స్వరాలు ఎక్కడి నుంచి వస్తాయి? పెదవుల బిగువు నుంచి, ఊపిరి తోపు నుంచి వస్తాయి. పెదవి ఎంత బిగించాలో పెదవికి ఎవరు చెప్పాలి? తలలో మోగే స్వరం చెప్పాలి. ఆ స్వరం తలలో లేకపోతే పెదవి దారి తప్పుతుంది. అప్పుడు పంచమం రావాల్సిన చోట షడ్జం వస్తుంది.

దర్జీని చూడండి. సుద్దతో గీత గీయకుండా కత్తెర పెట్టడు. బీడీలు చుట్టే మన అక్కచెల్లెండ్లను చూడండి. ఆకు మీద కొలత రేకు పెట్టి కోస్తారు. కొలత లేకుండా కోస్తే ఆకు పాడవుతుంది. పాటకు నోరే కొలత. నోటితో పాడి చూసుకుంటే స్వరం ఎంత ఎత్తులో ఉందో తలకు తెలుస్తుంది. తలకు తెలిస్తే పెదవికి తెలుస్తుంది. ముందు నోట పలకాలి అని నేను అనేది అందుకే.

ఇప్పుడు ఆర్మ్‌స్ట్రాంగ్ దగ్గరికి పోదాం.

అమెరికా దక్షిణాన, మిసిసిపీ నది ఒడ్డున, న్యూ ఆర్లీన్స్ అని ఒక పట్నం ఉంది. 1901 ఆగస్టు 4న అక్కడ నల్లజాతి వాళ్ల బీద వాడలో పుట్టారు ఆర్మ్‌స్ట్రాంగ్. తండ్రి ఇల్లు విడిచిపోయాడు. అమ్మ, నాయనమ్మ పెంచారు. ఆరేడేండ్లకే పని మీద పడ్డారు. కార్నాఫ్‌స్కీ అనే యూదుల కుటుంబం ఒకటి ఉండేది. పొద్దున పాత సామాన్లు కొనే బండి, రాత్రి బొగ్గు అమ్మే బండి తిప్పేవాళ్లు. ఈ పిల్లవాడు ఆ బండి మీద కూర్చుని రేకు బూర ఊదేవాడు. బూర వినగానే పిల్లలు పాత సీసాలు, పాత గుడ్డలు పట్టుకుని వచ్చేవాళ్లు. ఆ రేకు బూర మీదనే ఆయన పాటలు తియ్యడం మొదలుపెట్టారు. తాకట్టు దుకాణంలో ఒక కార్నెట్ కనబడింది. కార్నెట్ అంటే ట్రంపెట్‌కు పొట్టి తమ్ముడనుకోండి. ధర ఐదు డాలర్లు. ఆ ఇంటివాళ్లు ముందుగా పైసలిచ్చి సాయం చేస్తే ఆయన దాన్ని కొనుక్కున్నారు. ఆ ఇంట్లో తల్లి పాడే జోలపాటలు, వాళ్ల ఆదరణ ఆయన చివరిదాకా మరిచిపోలేదు. ముసలితనంలో కూర్చుని రాసుకున్నారు కూడా.

ఈ బండి కథ చదివినప్పుడు నాకు మా నాయిన గుర్తుకొచ్చాడు. మా నాయిన చెరుకు బండి తోలేవాడు. నవీపేట్ దిక్కు నుంచి బోధన్ శక్కర్‌నగర్ ఫ్యాక్టరీకి చెరుకు పోయేది. రాత్రి బండి కడితే తెల్లారేసరికి ఫ్యాక్టరీ గేటు ముందు వరుసలో నిలబడాలి. నిద్ర పట్టకుండా మా నాయిన దారంతా పాడేవాడు. నేను చెరుకు మోపుల మీద పడుకుని వినేవాణ్ణి. ముందు బండి ఆయన ఒక చరణం అందుకుంటే వెనక బండి ఆయన తిరిగి అందుకునేవాడు. నా చేతికి బాజా రాకముందే ఆ పాటలన్నీ నా నోట్లో ఉన్నాయి. 2015 చివర ఆ ఫ్యాక్టరీ మూతపడింది. బండ్లు ఎప్పుడో పోయాయి. పాటలు మాత్రం నా బాజాలోనే ఉన్నాయి.

ఆర్మ్‌స్ట్రాంగ్ సంగతి ఇంకా ఉంది. కొంచెం పెరిగాక, తన ఈడు పిల్లలతో కలిసి వీధుల్లో పాడేవారు. విన్నవాళ్లు నాణేలు వేసేవాళ్లు. గుర్తుంచుకోండి, మొదట పాట. బ్యాండ్‌లో వాద్యం తర్వాత వచ్చింది. 1912 డిసెంబరు 31 రాత్రి, కొత్త సంవత్సరం సంబరంలో, ఆయన ఒక పిస్టల్ తెచ్చి గాలిలోకి పేల్చారు. పోలీసులు పట్టుకున్నారు. అప్పుడు వయసు పదకొండు. దిక్కులేని నల్లజాతి పిల్లలను ఉంచే శిక్షణ గృహానికి పంపారు. అమ్మ దగ్గరి నుంచి పదకొండేండ్ల పిల్లవాణ్ణి పట్టుకుపోవడమంటే ఆ తల్లి ఎట్ల ఓర్చుకుందో.

అక్కడ పీటర్ డేవిస్ అనే ఉపాధ్యాయుడు బ్యాండ్ నేర్పేవారు. ఆయన వెంటనే కార్నెట్ ఇవ్వలేదు. ముందు కంజిర లాంటి టాంబురిన్ ఇచ్చారు. తర్వాత డ్రమ్ము. తర్వాత ఆల్టో హార్న్. తర్వాత మీటలే లేని బ్యూగిల్. ఆ తర్వాత గాని బ్యాండ్‌లో కార్నెట్ చేతికి రాలేదు. మీటలే లేని బ్యూగిల్! నేను మా పిలగాడికి చూపించిన ఆ ఐదు స్వరాలే దానిలో వస్తాయి. వేళ్లతో పని లేదు. పెదవి, ఊపిరి, తలలో స్వరం. అంతే. ఆల్టో హార్న్ పట్టినప్పుడు, పాడేటప్పుడు గొంతు కలిపినట్టే దాని స్వరం కలిపానని ఆర్మ్‌స్ట్రాంగ్ తర్వాత చెప్పుకున్నారు. వీధుల్లో పాడిన ఆ పాటే ఆయనకు బ్యాండ్‌లో దారి చూపింది.

ఇది మనకు తెలియని విద్యనా? కాదు. బతుకమ్మ దగ్గర చూడండి. ఒకామె పాట అందుకుంటుంది. చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి అంటారు. ఆ నడుమ చిన్న ఆడపిల్ల, అమ్మ కొంగు పట్టుకుని తిరుగుతూ అంటూనే ఉంటుంది. ఎవరూ కాగితం ఇవ్వలేదు. ఎవరూ సరిగమలు చెప్పలేదు. ఒక పండుగ గడిచేసరికి పాటలు నోటికొచ్చేస్తాయి. న్యూ ఆర్లీన్స్‌లో నల్లజాతి వాళ్ల చర్చిల్లో కూడా ఇంతే. ఒకరు అంటే పదిమంది అందుకుంటారు. జాజ్ పుట్టుకలో ఆ నోళ్లకూ వాటా ఉంది.

జాజ్ అంటే ఏమిటని కొందరు అడుగుతారు. మన ఊరి భజనలో ఒక పెద్దమనిషి ఉంటాడు. ఒకే చరణాన్ని నాలుగు తీర్ల తిప్పి పాడుతాడు. తాళం తప్పడు, చరణం మారదు, అయినా ప్రతిసారీ కొత్తగా ఉంటుంది. కచేరీలో దాన్ని మనోధర్మం అంటారు. జాజ్‌కు అదే ప్రాణం. అందరూ కలిసి ఒక పాట ఎత్తుకుంటారు. తర్వాత ఒక్కొక్కరు తమ తమ తీరులో దాన్ని అల్లుతారు. కాగితం మీద రాసి ఉండదు. అప్పటికప్పుడు తలలో పుట్టాలి. తలలో పాట పాడుకోనివాడు అక్కడ ఒక్క క్షణం నిలబడలేడు.

న్యూ ఆర్లీన్స్‌లో జో ఆలివర్ అనే గొప్ప కార్నెట్ విద్వాంసుడు ఉండేవారు. కింగ్ ఆలివర్ అనేవాళ్లు. ఆర్మ్‌స్ట్రాంగ్‌ను శిష్యుడిలా దగ్గరికి తీశారు. ఆలివర్ షికాగోకు వెళ్లి, 1922లో కబురు పంపి ఈ శిష్యుణ్ణి రప్పించుకున్నారు. గురువు ఏదైనా అల్లిక వేస్తే, శిష్యుడు అక్కడికక్కడే దాని పక్కన ఇంకో గొంతులా కలిసేవారు. ఆ బ్యాండ్‌లో పియానో వాయించే లిల్ హార్డిన్‌ను 1924లో పెండ్లి చేసుకున్నారు. ఎంతకాలం రెండో కార్నెట్‌గా ఉంటావు, ముందుకు నడువు అని ఆయన్ను కదిలించింది ఆమే. సంగీత చరిత్రలో ఆమెకు రావాల్సినంత పేరు రాలేదని నా బాధ. చదువుకున్న పియానో విద్వాంసురాలు, పాటలు కట్టిన మనిషి. ఆర్మ్‌స్ట్రాంగ్ భార్య అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేయడం న్యాయం కాదు.

1925 నవంబరు నుంచి షికాగోలో ఆయన తన సొంత చిన్న జట్టుతో రికార్డులు ఇచ్చారు. హాట్ ఫైవ్ అని ఆ జట్టు పేరు. ఐదుగురే. లిల్ పియానో వాయించారు. ఆర్మ్‌స్ట్రాంగ్ స్వయంగా కట్టిన బాణీలు కూడా ఈ కాలంలోవే. 1926లో కార్నెట్ చాప్ సూయీ, 1927లో పొటాటో హెడ్ బ్లూస్ రికార్డయ్యాయి. 1926లోనే ఇంకో రికార్డులో ఆయన మాటలు లేకుండా, అర్థం లేని అక్షరాలతో, అచ్చం బాజా పలికినట్టు గొంతుతో పాడారు. దాన్ని స్కాట్ అంటారు. ఆయనకంటే ముందు అట్లా పాడినవాళ్లు లేరని కాదు. ఈ రికార్డు తర్వాతే అది ఊరూరా పాకింది.

నేను మీకు ఒక్క రికార్డు గురించి కొంచెం వివరంగా చెప్తాను. 1928 జూన్ 28. పాట పేరు వెస్ట్ ఎండ్ బ్లూస్. బాణీ ఆయన గురువు ఆలివర్‌ది. మొదట్లో ట్రంపెట్ ఒక్కటే పలుకుతుంది. వెనక డ్రమ్ము లేదు, పియానో లేదు. పదిహేను సెకన్లు కూడా ఉండదు. నాలుగు స్వరాలు నిబ్బరంగా పలుకుతాయి. తర్వాత స్వరాలు జలజలా పైకి ఎక్కి, పైన ఒక్క క్షణం ఆగి, అక్కడి నుంచి మెలికలు తిరిగి దిగుతాయి. ప్రపంచంలో ట్రంపెట్ వాయించే ప్రతి మనిషీ ఆ పదిహేను సెకన్ల కోసం నెలలకు నెలలు తంటాలు పడతాడు. నేనూ పడ్డాను. నాకు పూర్తిగా చిక్కలేదు.

అయితే నేను చెప్పదలచుకున్నది ఆ తర్వాతి సంగతి. పాట నడుమ క్లారినెట్ మెల్లగా ఒక మాట అంటుంది. ఆర్మ్‌స్ట్రాంగ్ ట్రంపెట్ దించి, గొంతుతో బదులు చెప్తారు. మాటలు లేవు. వా, వా, ద, ద అని అక్షరాలే. క్లారినెట్ అంటుంది, ఆయన గొంతు అందుకుంటుంది. కొంచెం మార్చి అందుకుంటుంది. తర్వాత మళ్లీ ట్రంపెట్ ఎత్తి, ఒకే ఒక్క పై స్వరాన్ని పట్టుకుని, విడవకుండా నిలబెడతారు. మనిషి గొంతుకూ, ఇత్తడి గొంతుకూ తేడా లేదు. ఒకే మనిషి, ఒకే పాట. ఒకసారి నోట, ఒకసారి బాజాలో. వీలైతే ఫోన్‌లో వెతికి వినండి. పిల్లలకు వినిపించండి. నేను చెప్పే మాట మీకు మూడు నిమిషాల్లో బోధపడుతుంది.

ఆ తర్వాతి నలభై ఏండ్ల కీర్తిని నాలుగు మాటల్లో చెప్పి ముందుకు పోతాను. దేశదేశాలు తిరిగారు, సినిమాల్లో కనిపించారు. 1957లో లిటిల్ రాక్ ఊళ్లో నల్లజాతి పిల్లలను బడికి రానివ్వకపోతే, దేశాధ్యక్షుణ్ణే తప్పుపట్టి, ప్రభుత్వం తరఫున వెళ్లాల్సిన సోవియట్ పర్యటన వద్దన్నారు. 1964లో, అరవై దాటిన వయసులో, ఆయన పాడిన పాట అమెరికాలో మొదటి స్థానానికి వచ్చి బీటిల్స్ పాటను పక్కకు జరిపింది. మన దేశం మీద కూడా ఆయన నీడ పడింది. గోవాలోని అల్డోనాలో పుట్టిన ఆంటోనియో జేవియర్ వాజ్ అనే ట్రంపెట్ విద్వాంసుడు ఆర్మ్‌స్ట్రాంగ్‌లా వాయించి, పాడి, చిక్ చాకొలెట్ పేరుతో బొంబాయిని ఊపేశారు. 1951లో వచ్చిన అల్బేలా లాంటి హిందీ సినిమాల పాటల్లో ఆయన చెయ్యి ఉంది. మన పెండ్లి బ్యాండ్ వాయించే పాత హిందీ పాటల్లో ఆ ట్రంపెట్ మెలికలు ఎక్కడివి అనుకున్నారు? న్యూ ఆర్లీన్స్ నుంచి బొంబాయి మీదుగా నవీపేట్ బరాత్‌కు నడిచొచ్చినవే.

ఇంకొక్కటి చెప్పాలి. బాజా పిల్లలు జాగ్రత్తగా వినండి. పై స్వరం అందకపోతే మౌత్‌పీస్‌ను పెదవికేసి నొక్కుతారు. నొక్కకండి. ఆర్మ్‌స్ట్రాంగ్ అంతటి మనిషికి పెదవి పగిలి, 1934లో నెలల తరబడి ట్రంపెట్ పక్కన పెట్టాల్సి వచ్చింది. చివరి రోజుల్లో గుండె జబ్బు చేస్తే డాక్టర్లు ట్రంపెట్ ఊదొద్దన్నారు. ఆయన ఊరుకోలేదు. వేదికెక్కి పాడారు. బాజా లేకపోయినా పాట ఉంది కదా. 1971 జూలై 6న న్యూయార్క్‌లో, కరోనా అనే పేటలోని తన ఇంట్లో నిద్రలోనే పోయారు. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం.

ఇప్పుడు మన పాలకొల్లుకు వద్దాం.

1969 ఫిబ్రవరి 28న పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో ఉప్పలపు శ్రీనివాస్ పుట్టారు. తండ్రి సత్యనారాయణ గారు క్లారినెట్ వాయించేవారు. మాండలిన్ కూడా తెలుసు. మా లాగే బ్యాండ్ వాసన తెలిసిన ఇల్లు. ఆరేండ్ల వయసులో తండ్రితో కచేరీకి పోయి మాండలిన్ విని, ఇంటికొచ్చి ఆ పిల్లవాడు తండ్రి మాండలిన్ తీసుకుని మీటడం మొదలుపెట్టాడు. తండ్రి చూశారు. కొత్త మాండలిన్ కొనిచ్చి నేర్పారు.

మాండలిన్ ఎక్కడి వాద్యం? ఇటలీది. చిన్నగా ఉంటుంది. తంతులు జంటలు జంటలుగా ఎనిమిది. మీటితే టింగ్‌మని మోగి వెంటనే ఆగిపోతుంది. మన కర్ణాటక సంగీతానికి అది చాలదని అందరూ అనుకున్నారు. మన రాగానికి గమకం కావాలి. స్వరం ఊగాలి, జారాలి, ఒకదాని నుంచి ఇంకోదానికి పాకాలి. ఊయల తాడు వదిలేస్తే ఎట్ల నిదానంగా ఊగుతుందో అట్లా ఊగాలి. టింగ్‌మని ఆగిపోయే తీగ మీద అది ఎట్ల వస్తుంది?

ఇక్కడే అసలు సంగతి ఉంది. తండ్రికి గురువైన రుద్రరాజు సుబ్బరాజు గారు ఈ పిల్లవాడిలో ఉన్నది కనిపెట్టి నేర్పడానికి ముందుకొచ్చారు. సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. పాట విద్వాంసులు. ఆయనకు మాండలిన్ వాయించడం రాదు. అవును, రాదు. మరి ఎట్ల నేర్పారు? పాడారు. గురువు పాడుతారు. పిల్లవాడు వింటాడు. విన్నది విన్నట్టు తీగ మీద పలికిస్తాడు. వేలు ఎక్కడ పెట్టాలో గురువు చెప్పలేదు. చెప్పలేరు కూడా. ఆ వేలిదారి పిల్లవాడే వెతుక్కోవాలి. గురువు గొంతులో స్వరం ఎక్కడ ఊగిందో, తన వేలు అక్కడ ఊగాలి.

నా మటుకు నాకు, గురువుకు మాండలిన్ రాకపోవడమే ఆ పిల్లవాడి అదృష్టం. వచ్చి ఉంటే వేళ్లు చూపించేవారు. పిల్లవాడు వేళ్లు చూసి నేర్చుకునేవాడు. అప్పుడు మాండలిన్ మాండలిన్‌లాగే మోగేది. గొంతు విని నేర్చుకున్నాడు కాబట్టి అది గొంతులాగా పాడింది.

1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో మొదటి కచేరీ చేశారు. అప్పటికి తొమ్మిదేండ్లు. తర్వాత కుటుంబం మద్రాసు చేరింది. 1981 డిసెంబరులో, పన్నెండేండ్ల వయసులో, అక్కడి ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీలో వాయించారు. ఈ విదేశీ వాద్యమేమిటి, ఇందులో రాగమేమిటి అని పెదవి విరిచినవాళ్లు ఉన్నారు. ఆ పిల్లవాడు వాళ్లతో వాదం పెట్టుకోలేదు. వాయించాడు. గొంతు లాంటి పలుకు కోసం వాద్యాన్నే మార్చుకున్నారు. జంటలు తీసేసి ఒంటి తంతులు ఐదు పెట్టుకున్నారు. కరెంటు మాండలిన్ చేసుకున్నారు, స్వరం వెంటనే ఆరిపోకుండా నిలవాలని. తలలో ఉన్న పాటకు తగ్గట్టు వాద్యాన్ని దిద్దుకున్నారు.

ఇక 1983. పశ్చిమ బెర్లిన్‌లో పెద్ద జాజ్ ఉత్సవం. ఆ ఏడు ఆ ఉత్సవంలో మైల్స్ డేవిస్ కూడా ఉన్నారు. ఆర్మ్‌స్ట్రాంగ్ తర్వాత జాజ్ ట్రంపెట్ దారిని మలుపు మీద మలుపు తిప్పిన మనిషి ఆయన. అట్లాంటి చోటికి మన పాలకొల్లు పిల్లవాడు పోయాడు. పద్నాలుగేండ్లు. ఎదురుగా కూర్చున్న జర్మనీ వాళ్లకు రాగం పేరు తెలియదు, కీర్తన మాట తెలియదు. అయినా వదల్లేదు. ఇంకా వాయించు, ఇంకా వాయించు అని చాలాసేపు కూర్చోబెట్టారు. జాజ్ వినే చెవులు కదా. అప్పటికప్పుడు అల్లుతున్న పాటను పట్టుకోగలవు. మా పిలగాడిదీ పద్నాలుగేండ్లే అని ఇందాక చెప్పాను. ఆ లెక్క నా మనసులో తిరుగుతూనే ఉంటుంది.

తర్వాత గిటార్ విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్‌లతో కలిసి రిమెంబర్ శక్తి బృందంలో ప్రపంచమంతా వాయించారు. 1998లో పద్మశ్రీ వచ్చింది. తమ్ముడు రాజేశ్ గారు ఆయన దగ్గరే నేర్చుకుని పక్కన కూర్చుని వాయించారు. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో కాలం చేశారు. నలభై ఐదేండ్లే. ఆ రోజు నేను ఒక పెండ్లిలో ఉన్నాను. వార్త విని ఆ రాత్రి బాజా ఎత్తబుద్ధి కాలేదు. అయినా పెండ్లి వాళ్లది మంగళ కార్యం. ఎత్తాను.

నా సంగతి ఒకటి చెప్తాను. బ్యాండ్‌లో చేరిన కొత్తలో బోధన్ దిక్కు ఒక బరాత్‌కు పోయాం. అప్పుడే వచ్చిన సినిమా పాట ఒకటి కావాలన్నారు. తోటివాళ్ల వేళ్లు చూసి మీటలు నేర్చుకున్నానే గాని, ఆ పాట నోటితో ఒక్కసారి కూడా పాడుకోలేదు. వేళ్లు సరిగ్గానే పడ్డాయి. పల్లవిలో పైకి పోవాల్సిన స్వరం పోలేదు, చీలిపోయింది. మళ్లీ ఊదితే మళ్లీ చీలింది. పెండ్లికొడుకు అక్క నా మొహం చూసి తల తిప్పుకుంది. ఏమీ అనలేదు. ఆ తల తిప్పుకోవడం ఇప్పటికీ కండ్ల ముందే ఉంది. ఆ రాత్రి తిరుగు బండిలో మా పెద్ద మేస్త్రి నన్నొక మాట అనలేదు. "పాట పాడు" అన్నాడు. అంతే. నవీపేట్ వచ్చేదాకా పాడించాడు.

ఇప్పుడు మీరు ఏం చేయాలో చెప్తాను. ట్రంపెట్ కానీ, సన్నాయి కానీ, హార్మోనియం కానీ, మీ పిల్లలు బడిలో వాయించే పిల్లనగ్రోవి కానీ. ఒక పాట తీసుకోండి. పెద్ద పాట వద్దు, ఒక్క పల్లవి చాలు. ఫోన్‌లో వినండి. విని ఫోన్ ఆపేయండి. ఆపేసి పాడండి. మాటలతో ముందు పాడండి. తర్వాత మాటలు తీసేసి త, త, త అని పాడండి. చేత్తో తొడ మీద తాళం వేస్తూ పాడండి. ఎక్కడ నోరు తడబడిందో గుర్తుపెట్టుకోండి. వాద్యం కూడా సరిగ్గా అక్కడే తడబడుతుంది. అక్కడ మళ్లీ వినండి, మళ్లీ పాడండి. తడబాటు పోయాక వాద్యం ఎత్తి మొదటి నాలుగు స్వరాలే వాయించండి. దించండి. మళ్లీ పాడండి. మళ్లీ ఎత్తండి. పాడటం, వాయించడం. పాడటం, వాయించడం. రోజుకు పావుగంట చాలు.

గొంతు బాగాలేదని సిగ్గుపడకండి. ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతు గరగరలాడేది, గులకరాళ్లు బుట్టలో పోసి కదిపినట్టు. లోకమంతా ఆ గొంతునే ప్రేమించింది. గొంతు తీయగా ఉండనక్కర లేదు. స్వరం సరైన చోట పడితే చాలు.

డీజేలు వచ్చాక మా బ్యాండ్‌లకు పిలుపులు తగ్గాయి. ఒకప్పుడు పెండ్లిళ్ల కాలంలో రాత్రికి రెండు బరాత్‌లు చేసినవాళ్లం, ఇప్పుడు నెలకు రెండు దొరికితే గొప్ప. ఇత్తడి బాజా అటక మీద పడేసి కూలికి పోయినవాళ్లున్నారు. నాకు చాలా బాధగా ఉంటుంది. డీజే పెట్టెకు పెండ్లికూతురు తండ్రి కండ్లలో నీళ్లు కనబడవు. అప్పగింతల వేళ పాటను ఎక్కడ నిదానం చేయాలో, ఎక్కడ ఆపాలో దానికి తెలియదు. మనిషి ఊపిరికి తెలుస్తుంది. అందుకే పిల్లలకు నేర్పుతున్నాను. వాళ్లు ఫోన్‌ను అనుకరిస్తే చాలదు, పాటను నోట్లో పెట్టుకున్నవాళ్లు కావాలి.

ఆ పిలగాడి సంగతి చెప్పి ముగిస్తాను. మళ్లీ శనివారం వాళ్లింటి ముందు నుంచి పోతున్నాను. సంత చప్పుడు ఇక్కడిదాకా వినిపిస్తోంది. వాడు అరుగు మీద కూర్చుని బాజా ఊదుతున్నాడు. వాళ్ల అమ్మ గడపలో కూర్చుని చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. వాడు పల్లవి ఎత్తాడు. మూడో స్వరం కిందికి జారింది. మళ్లీ ఎత్తాడు. మళ్లీ జారింది. ఆమె తల ఎత్తలేదు, చేతులు ఆగలేదు. ఆకు మడుస్తూ, దారం చుడుతూ, "గట్ల కాదు బిడ్డా, ఇంకొంచెం మీదికి" అని సన్నగా ఆ చోటు పాడి చూపింది. ఆమెకు సరిగమలు తెలియవు. స్వరం మాత్రం సరిగ్గా పంచమం మీద పడింది.

వాడు బాజా దించి ఒళ్లో పెట్టుకున్నాడు. అమ్మ వెనకాలే పాడాడు. ఒకసారి, రెండుసార్లు. మూడోసారి ఇద్దరి గొంతులూ కలిశాయి. అప్పుడు బాజా ఎత్తాడు.